నిమ్మకాయ తొక్కించాక మొదలయ్యే కథ

కొత్త బండి ఇంటికొచ్చిందంటే ముందు గుడికి వెళ్ళాలి. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఈ ముచ్చట శ్రీకాకుళంలో ఎలా ఉంటుందో, సముద్రం దాటి తరాలు గడిచినా మలేషియాలో, పెరాక్ రాష్ట్రంలోని సుంగై సుమున్ అనే చిన్న ఊళ్ళో కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది.

దిష్టి తగలకూడదని మనం పెట్టే ఆ నిమ్మకాయకు అమెరికావాళ్ళ వాడుకలో వేరే అర్థం ఉంది. కొన్ననాటినుంచీ ఏదో ఒక రోగంతో షెడ్డుకీ ఇంటికీ తిప్పించే కారును వాళ్ళు ‘లెమన్’ అంటారు. అలాంటి కారును అంటగట్టినవాణ్ణి బాధ్యుణ్ణి చేసే చట్టాన్ని ‘లెమన్ లా’ అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటిసారి ఆ చట్టం చేసింది. మలేషియాకు ఆనుకునే ఉన్న సింగపూర్‌లో 2012 సెప్టెంబర్ 1 నుంచి అమలులో ఉంది. మలేషియాలో దాని గురించి మాటలు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి, చట్టం మాత్రం రాలేదు. భారతదేశంలోనూ ఆ పేరుతో చట్టమేదీ లేదు.

మరి సుంగై సుమున్‌లో ఒకరి కారు మొరాయిస్తే వాళ్ళు ఎవరిని అడుగుతారు? అడిగిన చోట వాళ్ళకు దొరికేదేమిటి, దొరకనిదేమిటి? ఇది ఒక చిన్న ఊరి కథే అయినా, కారున్న ప్రతి తెలుగింటికీ వర్తించేదే.

పెరాక్ నది, బెర్నామ్ నది సముద్రంలో కలిసే చోట్ల మధ్య చాచిన చెయ్యిలా ఉండే పల్లపు నేల బగాన్ డాటో ప్రాంతం. 2017లో అది పెరాక్‌లో ప్రత్యేక జిల్లా అయింది. అటు చూస్తే కొబ్బరి, ఇటు చూస్తే పామాయిల్ తోటలు, మధ్యమధ్య నీటికాలువలు. ఈ దిగువ పెరాక్‌కి ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్ళు తోటపనులకు వచ్చి స్థిరపడ్డారు. సుంగై సుమున్ బగాన్ డాటోకు వెళ్ళే దారిలో ఉంది. వాలిన గడియార స్తంభంతో పేరుబడ్డ టెలుక్ ఇంటాన్ దగ్గరలోని పట్నం. ఆస్పత్రికి వెళ్ళాలన్నా, పెళ్ళి బట్టలు కొనాలన్నా, పిల్లల్ని చదువుకు దింపాలన్నా కారు కావాలి. ఇలాంటి చోట కారు చెడిపోతే ఇల్లే ఆగిపోతుంది. 1985లో ప్రోటాన్ సాగా, 1994లో పెరోదువా కాంచిల్, 2005లో మైవీ వచ్చాయి. నెలవారీ కిస్తు మీద తోటల్లో పెరిగిన కుటుంబాలకు కారు అందుబాటులోకి వచ్చింది ఇలాంటి దేశవాళీ బండ్లతోనే. తాత సైకిల్ తొక్కాడు, తండ్రి మోటారుసైకిల్ నడిపాడు, కొడుకు కారు కొన్నాడు. అందుకే ఆ కారు ఇంటిల్లిపాదికీ గర్వకారణం. దానికేదన్నా అయితే ఇంటిల్లిపాదికీ బెంగే.

ఆదివారం పూట ఇంటిముందు బానెట్ లేచిందంటే సలహాలకు కొదవుండదు.

“ఏటయిందిరా?”

“ఎడమకి తిప్పినప్పుడల్లా టకటకమంటంది మావయ్యా.”

“డ్రైవ్ షాఫ్ట్ పోయుంటది. ఊరికే తిప్పకు, పోమెన్‌కి చూపించు.”

పోమెన్ అంటే మెకానిక్. ఇంగ్లీషు ‘ఫోర్‌మన్’ మలయ్ నాలుక మీద అలా మారింది. అతని షెడ్డు పేరు బెంగ్కెల్. ఈ రెండు మాటలూ రాకుండా అక్కడ కారు గురించి మాట్లాడటం కుదరదు. మావయ్య చెప్పింది తప్పేమీ కాదు. తిప్పినప్పుడు టకటక శబ్దం వస్తే చక్రం దగ్గరి కీలు అరిగిందని అనుమానించాల్సిందే. గతుకు ఎక్కినప్పుడు దబ్బుమంటే అబ్జార్బరో, దానికింది బుష్షో. బ్రేకు వేసినప్పుడు కీచుమంటే ప్యాడ్ అరిగి, లోపలి రేకు డిస్క్‌ను గీరుతోందని. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన చెవికి ఇవన్నీ పాఠం చెప్పినట్టు వినిపిస్తాయి.

శబ్దాన్ని బట్టి రోగం చెప్పే ఈ విద్యకు అమెరికాలో రేడియో కార్యక్రమమే నడిచింది. టామ్, రే మాల్యోట్సీ అనే అన్నదమ్ములు 1987 నుంచి 2012 దాకా దేశమంతటికీ ‘కార్ టాక్’ వినిపించారు. ఫోన్ చేసినవాళ్ళు తమ కారు చేసే శబ్దాన్ని నోటితో చేసి వినిపించేవాళ్ళు. అన్నదమ్ములు నవ్వి నవ్వించి కారణం చెప్పేవాళ్ళు. లక్షలమంది వినడానికి కారణం ఊహించడం కష్టం కాదు. కారు చెడినవాడికి మొదట కావలసింది తన మాట నమ్మే మనిషి. ‘నాకు శబ్దం వినబడుతోంది’ అంటే ‘మాకేం వినబడటం లేదే’ అని కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు అంటే ఒళ్ళు మండుతుంది. మావయ్య అలా అనడు. ఆయన బలం అదే.

అయితే అనుభవానికీ హద్దుంది. ఉదాహరణకి ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసి చూస్తారు. మూత లోపల పాలమీగడలా, లేత పసుపు రంగులో జిగురు అంటుకుని ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు మాడిపోతాయి. “టాప్ గ్యాస్కెట్ పోయింది. నీళ్ళు ఆయిల్లో కలిసిపోయాయి. ఇంజన్ దించాలి” అని ఎవరో తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు నిజం కావచ్చు. కాకపోనూవచ్చు. బడికీ, కొట్టుకీ, గుడికీ తప్ప కదలని బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తే, సముద్రపు గాలిలోని తేమ లోపల చెమ్మగా పట్టి ఆయిల్‌తో కలిసి అచ్చం అలాంటి మీగడే కడుతుంది. తేడా తెలియాలంటే రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయేమో వారం రోజులు గీత పెట్టి చూడాలి, ఆయిల్ గేజి పుల్లకు కూడా ఆ తెలుపు అంటిందేమో చూడాలి, రేడియేటర్ నీళ్ళలో పొగవాయువు కలిసిందేమో పరీక్ష చేయించాలి. మూత మీది మీగడ చూసి ఇంజన్ హెడ్ విప్పించినవాడు ఒక నెల జీతం అనవసరంగా పోగొట్టుకోవచ్చు. మంచి పోమెన్ ముందు పరీక్ష చేస్తాడు, తర్వాతే స్పానర్ తీస్తాడు. “ఎలా తేల్చావు, చూపించు” అని అడిగే హక్కు డబ్బిచ్చేవాడికి ఉంది. చుట్టూ చేరినవాళ్ళు నేర్పాల్సింది ఈ ప్రశ్నే.

ఇదంతా ఇనుముకు సంబంధించిన సంగతి. అసలు చిక్కు అమ్మినవాడితో వస్తుంది.

వారంటీలో ఉన్న కారు గేరు మారేటప్పుడు కుదుపు ఇస్తుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఆ పూటే కుదుపు మాయమవుతుంది. ‘అదంతా నార్మలే’ అంటారు. రెండోసారి సాఫ్ట్‌వేర్ మార్చామంటారు. మూడోసారి పార్ట్ ఆర్డర్ పెట్టామంటారు. నాలుగోసారి వెళ్ళేసరికి వారంటీ ముగుస్తుంది. ఈ వరుస ఎన్ని ఊళ్ళలో, ఎన్ని భాషల్లో జరుగుతుందో లెక్కలేదు. ఇక్కడ మావయ్య అనుభవం సరిపోదు. ఇక్కడ కావలసింది కాగితం. వెళ్ళిన ప్రతిసారీ జాబ్ షీట్ అడిగి తీసుకోవాలి. అందులో తను చెప్పిన ఫిర్యాదు తన మాటల్లోనే రాయించాలి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకూడదు. మీటరు ఎన్ని కిలోమీటర్ల దగ్గరుంది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా వేడెక్కాక వచ్చిందా, ఎంత వేగంలో వచ్చింది, ఇవన్నీ తేదీతో సహా నోటుపుస్తకంలో ఉండాలి. పక్కసీటులో కూర్చున్నవాళ్ళు ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకా మంచిది. ‘మాకు కనబడలేదు’ అన్న మాటకు వీడియో కంటే గట్టి జవాబు లేదు.

మనవాళ్ళు ఈ పనే చెయ్యరు. తెలిసినవాడి దగ్గరే కొన్నాం కదా, కాగితం అడిగితే బాగుండదని మొహమాటపడతారు. ఊరు చిన్నది, అమ్మినవాడు రేపు పెళ్ళిలో ఎదురుపడతాడు. ఆ మొహమాటం అర్థం చేసుకోదగినదే. కానీ దాని ఖరీదు గేర్‌బాక్స్ అంత. నోటితో అడిగింది నాలుగు రోజుల్లో గాలికి పోతుంది, కాగితం మీద అడిగింది వినియోగదారుల ట్రిబ్యునల్ దాకా వస్తుంది. ఈ వ్యాసం వాదన అదే.

వాడిన కార్ల దగ్గరకొచ్చేసరికి వ్యవహారం ఇంకా లోతు. అమ్మేవాడికి బండి చరిత్ర తెలుసు, కొనేవాడికి తెలియదు. ఈ ఒక్క తేడా మార్కెట్టునే ఎలా పాడుచేస్తుందో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. ఉదాహరణగా తీసుకున్నది పాత కార్లనే. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఆ పత్రమే ముఖ్య కారణం. మంచి బండికీ చెడ్డ బండికీ ఒకే ధర పలికితే మంచి బండి ఉన్నవాడు అమ్మడం మానేస్తాడు, చివరికి సంతలో చెడ్డవే మిగులుతాయి అన్నది దాని సారం. పశువుల సంతకు వెళ్ళిన మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. పళ్ళు చూడకుండా ఎద్దును కొనేవాళ్ళు కాదు వాళ్ళు.

కారుకు పళ్ళు ఎక్కడుంటాయి? సీటుబెల్టులో ఉంటాయి. 2021 డిసెంబరులో షా ఆలమ్ పరిసరాలను వరద ముంచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు వేలకొద్దీ బండ్లు నీళ్ళలో మునిగాయి. మునిగినవన్నీ తుక్కుకు పోవు. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టిన బండి ఇంకో ఊళ్ళో నిగనిగలాడుతూ నిలబడవచ్చు. అలాంటి బండి దగ్గర సీటుబెల్టు పట్టుకుని మెల్లగా చివరిదాకా లాగాలి. రోజూ బయటికొచ్చే రెండడుగులు శుభ్రంగానే ఉంటాయి. చుట్టలో దాగి ఉండే ఆఖరి జానెడు దగ్గర సన్నని మట్టిగీత కనబడితే, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీతే చెబుతుంది. స్టెప్నీ టైరు ఎత్తి ఆ గుంట అడుగున ఎండిన బురద ఉందేమో వేలితో తడమాలి. సీటు కింది బోల్టులు తుప్పుపట్టాయేమో టార్చి వేసి చూడాలి. మునిగిన కారు మొదటి నెల బాగానే నడుస్తుంది. కంప్యూటర్ పెట్టెకు వెళ్ళే వైర్ల మొనలు మెల్లగా పచ్చటి చిలుముపట్టి ఆరు నెలలకు ఒక్కొక్కటే మానేస్తాయి. అప్పుడు పోమెన్ ఒక సెన్సర్ మారిస్తే ఇంకోటి పోతుంది. అతన్ని తిట్టి లాభం లేదు.

మలేషియాలో కొన్న పాత బండిని తమ పేరున మార్పించుకోవాలంటే పరీక్ష తప్పనిసరి. 1994 నుంచి పుస్పకోమ్ సంస్థకే ఉన్న ఆ పరీక్షల ఏకస్వామ్యం 2024 ఆగస్టుతో ముగిసింది. అయితే కొనేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పరీక్ష ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ అసలువేనా, బ్రేకులూ లైట్లూ సరిగా ఉన్నాయా అని చూస్తుంది. గేర్‌బాక్స్ ఇంకో ఏడాది నిలబడుతుందా అన్న ప్రశ్నకు అది జవాబివ్వదు. పుస్పకోమ్ పాసైందని అమ్మేవాడు చెబితే దానర్థం అంతవరకే. తను నమ్మిన పోమెన్‌ను వెంట తీసుకెళ్ళి, లిఫ్ట్ మీద ఎత్తించి చూపించుకోవడం వేరే పని. దానికయ్యే కూలి కారు ధరలో ఆవగింజంత.

ఇంకో ప్రమాదం ‘సంబుంగ్ బయార్’. ఇంకొకరి పేరున ఉన్న కారును, వాళ్ళకు చేతిలో కొంత పెట్టి, మిగిలిన కిస్తులు తను కట్టుకుంటానని తీసుకోవడం. చౌకగా వస్తుందని కుర్రాళ్ళు దీనికి లోబడతారు. గెరాన్, అంటే బండి యాజమాన్య పత్రం, వాళ్ళ పేరున ఉండదు. బ్యాంకుకు వాళ్ళెవరో తెలియదు. బండి పాడైతే ఫిర్యాదు చెయ్యడానికి వాళ్ళు కొన్నవాళ్ళే కారు. రేపు అసలు మనిషి వచ్చి నా కారు నాకివ్వమంటే నోరెత్తలేరు. ఈ ఒప్పందాన్ని చట్టం ఒప్పుకోదు. చేతికందివచ్చిన కొడుకు ఇలాంటి బండి తెస్తానంటే తల్లిదండ్రులు అడ్డుపడాలి.

పాత బండి విషయంలో ప్రాణం మీదికి తెచ్చిన అనుభవం కూడా ఈ దేశానికి ఉంది. 2014 జులైలో సరవాక్ రాష్ట్రంలోని సిబు పట్టణంలో ఒక 2003 మోడల్ హోండా సిటీ ప్రమాదానికి గురైంది. పెద్ద వేగమేమీ కాదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. ప్రాణం కాపాడాల్సిన ఆ సంచి వెనకున్న లోహపు డబ్బా పేలిపోయి, దాని ముక్క నడుపుతున్న స్త్రీ మెడలో దిగింది. ఆమె నిండు గర్భిణి. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల వల్ల అమెరికా బయట నమోదైన మొదటి మరణం అది. 2016లో మలేషియాలో మరికొందరు అలాగే పోయారు.

కారణం తెలిస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సంచిని ఉబ్బించే మందుగా టకాటా అమ్మోనియం నైట్రేట్ వాడింది. వేడీ తేమా ఏళ్ళ తరబడి తగిలితే ఆ బిళ్ళలు చెడిపోయి, మండాల్సిన దానికంటే వేగంగా మండుతాయి. డబ్బా తట్టుకోలేక ముక్కలవుతుంది. అంటే ఏడాది పొడుగునా ఉక్కపోసే సుంగై సుమున్ లాంటి చోటు, కాకినాడ లాంటి చోటు, ఆ డబ్బాలకు అన్నిటికంటే చెడ్డ వాతావరణం. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 కోట్ల డబ్బాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2017లో టకాటా దివాలా తీసింది. వెనక్కి పిలిచిన కంపెనీలు పైసా తీసుకోకుండా మార్చి ఇస్తామన్నాయి. కానీ ఉత్తరం వెళ్ళేది మొదటి యజమాని చిరునామాకు. బండి అప్పటికే మూడు చేతులు మారి, ఏ కొబ్బరితోట పక్క ఇంట్లోనో ఉంటుంది. నాలుగో యజమానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆదివారం పూట బానెట్ చుట్టూ చేరేవాళ్ళలో చదువుకున్న పిల్ల ఒకతి ఫోన్ తీసి ఆ నంబరు కొడితే, అదే ఆ పూట దొరికిన అన్నిటికంటే విలువైన సలహా.

ఇక చట్టం. మలేషియాలో 1999 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. అమ్మిన సరుకు ఒప్పుకోదగ్గ నాణ్యతతో, భద్రంగా, మన్నేలా ఉంటుందన్న హామీ కాగితంలో రాయకపోయినా ఉన్నట్టే లెక్క అంటుంది అది. వాహనాలు దాని పరిధిలోకి వస్తాయి. ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, తర్వాత మాకు సంబంధం లేదు’ అని రశీదు మీద ముద్ర కొట్టినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. దాన్ని వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు. పాత బండి విషయంలో దాని వయసూ ధరా చూసి నాణ్యతను అంచనా కడతారు. పదిహేనేళ్ళ కాంచిల్‌ను కొత్త బండితో పోల్చరు. అది న్యాయమే.

ఆ చట్టం కిందే వినియోగదారుల ఫిర్యాదుల ట్రిబ్యునల్ ఏర్పడింది. మొదట 10,000 రింగిట్ల దాకానే వినేది, తర్వాత 25,000 అయింది, 2019 సవరణతో 50,000కు పెరిగింది. రుసుము 5 రింగిట్లు. టెలుక్ ఇంటాన్‌లో ఒక పూట భోజనానికి కూడా అంతకంటే ఎక్కువవుతుంది. లాయర్లకు అక్కడ ప్రవేశం లేదు. కంపెనీ తరఫున వచ్చేవాడు దాని ఉద్యోగే అయి ఉండాలి. అంటే తోటలో పనిచేసి రిటైరైన మనిషీ, పెద్ద షోరూం మేనేజరూ ఒకే బల్ల ముందు కూర్చుంటారు. వీలైనంతవరకు విచారణ మొదలైన 60 రోజుల్లోపు తీర్పు ఇవ్వాలన్నది నియమం. తీర్పు పాటించకపోతే అది నేరం. జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఇంత సులువైన తలుపు తెరిచి ఉండగా దాని ముందునుంచే నడిచిపోవడం బాధ కలిగిస్తుంది. వ్యాపారానికి కొన్న లారీకి ఈ తలుపు తెరుచుకోదు, సొంత వాడకానికి కొన్నదానికే. ఆ తేడా ముందే తెలుసుకోవాలి.

రెండు తప్పులు మాత్రం చెయ్యకూడదు. ఒకటి, కోపంతో కిస్తు ఆపడం. ‘కారు నడవనప్పుడు డబ్బెందుకు కట్టాలి?’ అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 1967 నాటి హైర్ పర్చేజ్ చట్టం ప్రకారం కిస్తులు తీరేదాకా యజమాని బ్యాంకే. వరుసగా రెండు కిస్తులు తప్పితే 21 రోజుల నోటీసు ఇచ్చి బండిని తీసుకుపోవచ్చు. ధరలో 75 శాతానికి పైగా కట్టేసినవాళ్ళ విషయంలోనే కోర్టు ఉత్తర్వు కావాలి. బండి పోయాక దాని లోపం ఎవరికి చూపిస్తారు? కిస్తు కడుతూనే పోరాడాలి. రెండోది, ఆలస్యం. లోపం కనబడ్డాక నెలల తరబడి నడుపుతూ పోతే బండిని తిప్పి ఇచ్చే హక్కు చేజారుతుంది. అప్పుడు మరమ్మతు ఖర్చు అడగడమే మిగులుతుంది.

ఇక్కడ సింగపూర్ చట్టం గొప్పతనం తెలుస్తుంది. అక్కడ కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది అమ్మేనాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడు. వాడిన కార్లకు కూడా ఇది వర్తిస్తుంది. మలేషియాలో ఆ బరువు చాలావరకు కొన్నవాడి నెత్తిన ఉంది. గేర్‌బాక్స్ లోపల ఏముందో నిరూపించమని కొబ్బరితోట కూలీ కొడుకును అడగడం న్యాయం కాదు. విప్పి చూసే పనిముట్లూ, కంప్యూటర్ నమోదులూ, ఇంజనీర్లూ ఉన్నది కంపెనీ దగ్గర. తెలిసినవాడే చెప్పాలి. కౌలాలంపూర్ ఈ ఒక్క మార్పు చేస్తే చాలు, మిగతా చట్టం సగం పని దానంతటదే చేస్తుంది.

ఇంటి దగ్గర, అంటే ఆంధ్ర, తెలంగాణల్లో పరిస్థితి ఏమంత భిన్నం కాదు. వారంటీ అంటే చెడ్డ భాగం మార్చడమే, కారంతా మార్చడం కాదని సుప్రీంకోర్టు 2006లో మారుతీ కేసులో తేల్చింది. 2021లో టాటా మోటార్స్ కేసులో ఇంకా ఆలోచించాల్సిన మాట చెప్పింది. గోవాలో ఒక డీలరు 2009లో తయారైన, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన కారును 2011 మోడల్ కొత్త కారని అమ్మాడు. డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసని రుజువు కానప్పుడు కంపెనీని బాధ్యురాల్ని చెయ్యలేమని కోర్టు అంది. అంటే బోర్డు మీద కంపెనీ పేరు పెద్దగా రాసి ఉన్నా, లోపల కూర్చున్నవాడు వేరు. కొనేవాడు ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెలా సంవత్సరం తనే చూసుకోవాలి. విడిభాగాలు బయటి షెడ్లకు అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకు 2014లో కాంపిటీషన్ కమిషన్ 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వ్యవహారం అప్పీళ్ళకు వెళ్ళింది. ఆ ఉత్తర్వు ఒక సంగతి మాత్రం ఒప్పుకుంది: షెడ్డు మెకానిక్‌కు పనితనం లేక కాదు, చేతికి భాగం అందక పని ఆగుతోందని.

అయినా ఇక్కడా తలుపులు తెరిచే ఉన్నాయి. భారతదేశపు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల విలువ దాకా రుసుమే లేదు. కేసు వెయ్యడానికి రెండేళ్ళ గడువు. ముందు మాట్లాడి తేల్చుకోవాలంటే 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు.

మలేషియాలో తెలుగు సంఘాలు ఉగాదికి ఎంత శ్రద్ధగా పనిచేస్తాయో అందరికీ తెలుసు. పిల్లలకు తెలుగు నేర్పే తరగతులు, పద్యాల పోటీలు, భజనలు నడుపుతున్నాయి. వాటి పక్కనే నెలకొక్క సాయంత్రం ఇంకో బల్ల వేయాలి. దాని దగ్గర ఒక పోమెన్, మలయ్‌లో ఫారం నింపగల కాలేజీ పిల్ల, రశీదులు వరుసలో పెట్టగల రిటైర్డ్ గుమాస్తా కూర్చోవాలి. కారు చిక్కుతో వచ్చినవాళ్ళ దగ్గర జాబ్ షీట్లు చూసి, తేదీలు రాసి, అవసరమైతే ట్రిబ్యునల్ ఫారం నింపించాలి. డబ్బు ఖర్చు లేని పని ఇది. సుంగై సుమున్‌తో మొదలుపెడితే హుటాన్ మెలింటాంగ్, టెలుక్ ఇంటాన్ తెలుగువాళ్ళూ వస్తారు. తమిళులూ మలయ్‌లూ వచ్చినా కుర్చీ వెయ్యాలి. చెడిన గేర్‌బాక్స్‌కు భాష లేదు.

అంతవరకూ, కారు చిక్కుతో మథనపడుతున్న సుంగై సుమున్ తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఇది. ట్రిబ్యునల్‌కు ఇవ్వాల్సిన కాగితం పేరు బొరాంగ్ 1. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో కూడా వెయ్యవచ్చు. రుసుము 5 రింగిట్లు. హక్కు పుట్టిన రోజునుంచి గడువు మూడేళ్ళు.